అరుగు ఇంటి లెక్కలోకి రాదు

నిన్న సాయంత్రం వాన మొదలైతే వంటింటి కిటికీ మూయబోయి తడిసిన చువ్వను గట్టిగా పట్టుకున్నాను. ఆ తర్వాత కూరగాయలు కోస్తుంటే అరచేతి నుంచి ఇనుము వాసన వచ్చింది. సబ్బు పెట్టి కడిగాను, నిమ్మచెక్క రుద్దాను, పోలేదు. పోదని నాకు తెలుసు. ఎల్లారెడ్డిలో ఒక వేసవి అంతా ఆ వాసన నా చేతిని వదల్లేదు. అక్కడ ఒక కిటికీ చువ్వలను లోపలి నుంచి నేను పట్టుకునేదాన్ని, బయటి నుంచి గంగారాం కాక పట్టుకునేవాడు. ఆయన్ని ఎరగని వాళ్లకు ఆయన సంగతి చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. కూర పొయ్యి మీద పెట్టి, ఈ కామారెడ్డి వంటింట్లోనే, గట్టు మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాను.

కాక నాకు చుట్టం కాడు. ఊళ్లో అందరికీ ఆయన కాకే. ఎల్లారెడ్డిలో ఇంటి ముందు గదిలోనే చిన్న ప్రెస్సు నడిపేవాడు. పెళ్లి పత్రికలు, దుకాణాల బిల్లు బుక్కులు, దినాల కార్డులు అచ్చు వేసేవాడు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చే కాలమది. కామారెడ్డి ప్రెస్సుల వాళ్లు కవితలంటే మొహం తిప్పుకుంటే, గాంధారి నుంచి నా కవితల కట్ట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. అప్పటికి నా చదువు కూడా పూర్తి కాలేదు. కాగితాలు తీసుకుని ఏమీ అనకుండా పంపాడు. కొన్నాళ్లకు రమ్మని కబురు వచ్చింది.

“బిడ్డా, నా దగ్గర విసర్గలు అయిపోయినయి” అన్నాడు నన్ను చూడగానే.

నాకు అర్థం కాలేదు.

“యే పేజీ సూడు, దుఃఖం దుఃఖం అని రాసినవ్. గళ్లపెట్టెల ఉన్న విసర్గలన్నీ నీకే పెట్టిన. సగం పుస్తకం ఇంకా అట్లనే ఉన్నది. హైదరాబాదు పోయి తెచ్చుకోవాల్నా, నువ్వే జర తగ్గిస్తవా?”

పక్కన పీట మీద కూర్చుని అచ్చయిన కాగితాలు మడతపెడుతున్న ఆయన భార్య సాయవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. తిరుగు బస్సులో గాంధారి దాకా కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాను. ఆ రోజుల్లో కవిత్వమంటే దుఃఖమేననీ, అది ఎంత ఎక్కువ ఉంటే అంత గొప్పదనీ నా నమ్మకం. అయినా ఇంటికి వెళ్లి తగ్గించాను. తగ్గించిన చోట ఏం పెట్టాలో తెలియక చాలా కవితలు మొత్తంగా తీసేశాను. పుస్తకం పలచగా వచ్చింది. కాక దాన్ని అరచేతిలో పెట్టి బరువు చూసి, “ఇప్పుడు బాగుంది” అన్నాడు. ఎల్లారెడ్డి పోయినప్పుడల్లా ఆ ఇంట్లో చాయ తాగకుండా రావడం ఆ తర్వాత నావల్ల కాలేదు.

కామారెడ్డిలో ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికి, అమ్మను తెచ్చుకుని కిరాయి ఇంట్లో ఉన్నాను. జీవితమంతా బీడీలు చుట్టిన అమ్మకు చివరికి ఊపిరి ఆడటం కష్టమైంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారు. తీసుకొచ్చిన మర్నాడు పొద్దున ఇంటి ఓనరు వచ్చి గడప బయట నిలబడ్డాడు. చెడ్డవాడు కాడు. అమ్మ కోసం కొబ్బరినీళ్లు తెచ్చాడు. తెచ్చి, అవి నా చేతికి ఇస్తూనే అన్నాడు: “ఏమనుకోకు టీచరమ్మా. ఇంట్ల పీనుగ లేస్తే రేపు మాకు కిరాయికి ఎవ్వరూ రారు. మీ ఊరికి తీస్కపోతే అందరికీ మంచిది.” ఆటో మాట్లాడుకుని గాంధారి బయలుదేరాం. అమ్మ ఊరు చేరలేదు. దారిలో, ఆటోలో, నా ఒళ్లో పోయింది.

దాన్ని రాయాలని ఏళ్ల తరబడి కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ కాగితం నిండా పెద్ద పెద్ద మాటలు వచ్చేవి. అమ్మ మాత్రం వచ్చేది కాదు. చోటు మారితే రాస్తానేమోనని, రచయితలకు బస ఇచ్చే ఒక కొండ మీది సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాను. పిలిచారు. అక్కడ నాకొక గది, లోయ వైపు తెరుచుకునే పెద్ద అద్దాల కిటికీ, తళతళలాడే బల్ల, అడగకముందే వచ్చే చాయ. నా జన్మలో అంత మంచి కుర్చీలో కూర్చోలేదు. లోయను చూసి చూసి, ఒక్క పేజీ రాయకుండా తిరిగి వచ్చాను. అంత నిశ్శబ్దం చేతికి దొరికాక కూడా రాయలేకపోయానంటే ఇక నాలో రాత అయిపోయిందని నిజంగానే భయపడ్డాను. నాకు ఇంకేమీ చేతకాదు.

ఆ ఏడే చలికాలం చివర సాయవ్వ పోయింది. నేను పరామర్శకు వెళ్లేసరికి ఇంటి ముందు తలుపుకు తాళం, తాళానికి అడ్డంగా తుమ్మకంప ఉన్నాయి. ఆమె చెడ్డ నక్షత్రంలో పోయిందని, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని అయ్యగారు చెప్పారట. అంటే ఇంటివాళ్లెవరూ అందులో అడుగుపెట్టకూడదు. కొడుకు రమేశ్, కోడలు మంజుల, కాక అందరూ వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. కాక మాత్రం తన ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి మనిషి సగమయ్యాడు.

“ఇంట్లకు పోరాదన్నరు గద కాక” అన్నాను పక్కన కూర్చుంటూ.

“ఇంట్లకు పోతలేను. అరుగు ఇంటి లెక్కలకు రాదు. నేను అయ్యగారిని అడిగిన. ఆయన పంచాంగం మొత్తం తిరగేసిండు, అరుగు మాట యాడ లేదు.”

నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నా రాత సంగతి అడిగాడు. కొండ మీది గది గురించి, ఉత్త చేతులతో తిరిగి రావడం గురించి చెప్పాను. జేబులోంచి తాళం చెవి తీసి నా ఒళ్లో పెట్టాడు. అది పెరటి తలుపుది.

“నువ్వు మా గోత్రం కాదు, నీకు ఏ పట్టింపూ లేదు. బడికి ఎండకాలం సెలవులిస్తరు గద. వచ్చి ఇంట్ల కూసోని రాస్కో. ఎవ్వరూ రారు. అచ్చువేసే బల్ల కిటికి కాడనే ఉన్నది, ఎల్తురు మంచిగొస్తది.” తర్వాత మెల్లగా అన్నాడు: “సాయవ్వ ఒక్కతే ఉన్నట్టున్నది బిడ్డా లోపల.”

ఆయన నమ్మకాల మనిషి కాడు. మరి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. మంజులకు అంతకు ముందు ఒకసారి కడుపు నిలవలేదు, ఇప్పుడు మళ్లీ నీళ్లోసుకుంది. “నాకు నమ్మకం లేదు. ఆ పిల్లకు భయమున్నది. భయం ఉత్తది గాదు గద. శ్రావణం దాకా గడప తొక్కనని దాని చెయ్యిలో చెయ్యేసి చెప్పిన. శ్రావణంల నా ఇంట్లకు నేను వస్త. వచ్చి గా గోడ పక్కపొంటి మంచమేసుకుంట. ఇగ నన్ను ఎవ్వరూ లేపొద్దు” అన్నాడు. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే. అప్పటికే మెట్టు ఎక్కితే ఆయాసపడుతున్నాడు. శ్రావణం ఇంకా చాలా దూరం ఉంది.

సెలవులు ఇవ్వగానే బట్టల సంచి, కాగితాలు పట్టుకుని వెళ్లాను. పెరటి తలుపు తీసి లోపలికి అడుగుపెడితే మూసిన ఇంటి వేడి మొహానికి కొట్టింది. సాయవ్వ పోయిన రోజు ఎక్కడివక్కడ వదిలేసి వెళ్లినట్టున్నారు. దండెం మీద చీర, పొయ్యి మీద గిన్నె, గోడ మొలకు ఆమె కళ్లద్దాలు అలాగే ఉన్నాయి. దేన్నీ కదిలించవద్దని కాక ముందే చెప్పాడు. ముందు గదిలో మిషన్ ఎప్పుడో పాతసామానుకు పోయింది. కంపోజింగ్ చేసే ఎత్తు బల్ల ఒక్కటి వీధి కిటికీ కింద మిగిలింది. దానికి కుర్చీ సరిపోదు. నిలబడి రాయాలి, లేదా ఎత్తు స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చోవాలి. కొండ మీది కుర్చీ గుర్తొచ్చి నా మీద నాకే నవ్వొచ్చింది.

మొదటి సాయంత్రం కాక వచ్చి కిటికీ కింద అరుగు మీద నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. లోపలికి చూడటం కూడా మంజులకు ఇచ్చిన మాట తప్పడమే అవుతుందని ఆయన లెక్క. ఒక చెయ్యి మాత్రం భుజం మీదుగా వెనక్కి పెట్టి కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

“ఇల్లెట్లున్నది?” అన్నాడు.

“ఇల్లంతా దిగులుగ ఉన్నది కాక.”

“దిగులు యాడున్నది? ఏ గూట్ల పెట్టిన్రు?”

నేను బల్ల మీది కాగితాలు సర్దబోయాను.

“ఉన్నది చెప్పు బిడ్డా. నేను సూడలేను గద. దిగులంటే నాకేం కనవడ్తది?”

లేచి వెళ్లి చూసి వచ్చి చెప్పాను. పొయ్యి మీద చాయ గిన్నె ఉన్నది. “ఏ పొయ్యి మీద?” ఎడమ దాని మీద. లోపల చాయపత్త ఎండి అంటుకున్నది. “పట్కారు?” గిన్నెకే పట్టి ఉన్నది. దండెం మీద చీర ఆకుపచ్చది, ఒక అంచు నేలకు తాకుతున్నది. ఆయన ఒక్కొక్కదానికి తల ఊపుతూ విన్నాడు. ఆకుపచ్చ చీర దగ్గర తల ఊపడం ఆపేశాడు. చువ్వ మీద ఆయన వేళ్లు బిగుసుకోవడం చూశాను. ‘దిగులు’ అన్నప్పుడు కదలని మనిషి నేలకు తాకిన చీర అంచు దగ్గర ఏడ్చాడు.

ఇక ప్రతి సాయంత్రం అదే పని. పగలంతా నేను రాసుకునేదాన్ని, పొద్దు వాలాక ఆయన వచ్చి ఇల్లు అడిగేవాడు. ఒక రోజు వంటిల్లు, ఒక రోజు పెరడు, ఒక రోజు తలుపు వెనక గోడ ఒక్కటే. నేను తొందరపడి చెబితే మళ్లీ పంపేవాడు. “గోడకు మచ్చ అంటున్నవ్. నూనె మచ్చనా, చెమ్మ మచ్చనా? సాయవ్వ తల ఆనిచ్చి కూసునేది ఆడ.” తల ఎత్తున, నూనె మచ్చే. నాకు కొన్నిసార్లు విసుగొచ్చేది. నేను రాసుకోవడానికి వచ్చానా, ఈ ముసలాయన ఇంటికి లెక్కలు చెప్పడానికి వచ్చానా అనుకునేదాన్ని. కానీ పొద్దున కాగితం ముందు కూర్చుంటే పెద్ద మాటలు రావడం మానేశాయి. వస్తే వెనక నుంచి ‘ఏ గూట్ల’ అని వినబడేది. అమ్మను తీసుకుపోయిన ఆటోలో సీటు ఏ రంగుదో, ఏ వైపు చిరిగి ఉందో మొదటిసారి గుర్తుచేసుకున్నాను. అన్నేళ్లు నేను ఆ ఆటోలోకి ఎక్కకుండానే దాని గురించి రాయాలని చూశానని అర్థమైంది.

ఒక సాయంత్రం ఇల్లు చెప్పడం ఆపి, రాసింది చదివి వినిపించాను. సీటు చిరుగులోంచి స్పాంజి కనబడుతోందని, గతుకు వచ్చినప్పుడల్లా అమ్మ ఆ చిరుగులోకి వేలు దూర్చి పట్టుకునేదని, లింగంపేట దాటాక గతుకు వచ్చినా వేలు కదల్లేదని రాశాను. చదివి ఆగాను.

“ఇప్పుడు నేను గా ఆటోల కూసున్న” అన్నాడు కాక. తర్వాత అడిగాడు: “మరి ఇంటి ఓనరు ఏమన్నడు? ఆయన మాట లేదు ఇందుల.”

“పాపం, మంచోడే కాక. బద్నాం ఎందుకని పెట్టలే.”

“కొబ్బరినీళ్లు తెచ్చిండు అంటివి గద. అదీ పెట్టు, ఆయన అన్నదీ పెట్టు. రెండు ఒక్క మనిషే చేసిండు. నువ్వు ఒకటి దాస్తే మనిషి సగమే కనవడ్తడు.”

రమేశ్‌కు ఇదంతా నచ్చలేదు. అతను బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం పెట్టుకున్నాడు, నెమ్మదైన మనిషి. ఒక మధ్యాహ్నం పెరటి తలుపు బయట నిలబడి, “అక్కా, పాడుపెట్టిన ఇంట్ల లైటు ఎలుగుతుందని మంజుల తల్లిగారోళ్లు లొల్లి వెడ్తున్రు. బాపుకు మీరన్న చెప్పున్రి” అన్నాడు. వెళ్లిపోతానన్నాను. ఆ సాయంత్రం కాక ఒక్క మాటే అన్నాడు: “నువ్వు పోతే నాకు ఇల్లు ఎవరు చెప్తరు?” ఉండిపోయాను. లైటు మాత్రం వేయడం మానేశాను. వెలుతురు ఉన్నంతసేపే రాసేదాన్ని.

మృగశిర మొదలై మబ్బులు పట్టిన రోజుల్లో కాక సాయంత్రం రాలేదు. ఊపిరి అందక కామారెడ్డి దవాఖానాకు తీసుకుపోయారని రమేశ్ దుకాణం దగ్గర తెలిసింది. రెండు రోజులకు అక్కడి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాట నాకు పాతదే.

మధ్యాహ్నం పూట అంబులెన్సు వచ్చి వెనక సందులో ఆగింది. నేను పరుగెత్తాను. కిరాయి ఇంటి గేటు మూసి ఉంది. ఇంటామె గేటు లోపల నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. “నాకు మాత్రం ప్రేమ లేదా రమేశూ? కాక నా లగ్గం పత్రిక అచ్చేసిండు. కానీ ఇంట్ల పీనుగ లేస్తే మాకు కిరాయికి ఎవ్వరూ రారు. ఏమనుకోకు” అంది. ఆ మాటలు నేను నెల కిందటే కాగితం మీద పెట్టాను. ఊరు మారింది, మనిషి మారింది, మాట మాత్రం మారలేదు.

డ్రైవరు తొందరపడుతున్నాడు. నిండు నెలలతో మంజుల గోడ పట్టుకుని నిలబడి ఉంది. కాక సొంత ఇల్లు పది అడుగులు వేస్తే వచ్చే చోట ఉంది, దానికి కంప వేసి ఉంది. ఆయన పేరు మీద కరెంటు బిల్లు వచ్చే ఇల్లు ఒకటి, ఆయన కొడుకు కిరాయి కట్టే ఇల్లు ఒకటి, రెంటిలోనూ చావడానికి ఆయనకు చోటు లేదు.

“కంప తీసెయ్ రమేశ్. తాళం తియ్యి. లోపలికి తీస్కపోదాం” అన్నాను.

రమేశ్ మంజుల వైపు చూశాడు. ఆమె ఏడుస్తూ తల ఊపింది. అది అవునో కాదో ఎవరికీ అర్థం కాలేదు. స్ట్రెచర్ మీద నుంచి కాక చెయ్యి కదిపాడు. వంగితే మాట వినబడింది.

“కంప తియ్యకున్రి. మాటిచ్చిన. అరుగు మీద వెయ్యున్రి.” ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు: “అరుగు ఇంటి లెక్కలకు రాదు.”

అరుగు మీద చాప పరిచి, కిటికీ కింద తల వచ్చేలా పడుకోబెట్టారు. సన్నగా తుంపర మొదలైంది, రమేశ్ గొడుగు పట్టాడు. కాక కళ్లతో నన్ను వెతికాడు.

“నువ్వు లోపలికి పో బిడ్డా. ఇల్లు చెప్పు.”

పెరటి వైపు నుంచి పరుగెత్తి లోపలికి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన చెయ్యి పైకి లేవలేదు. రమేశ్ దాన్ని ఎత్తి చువ్వకు ఆనించి పట్టుకున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. చాయ గిన్నె ఎడమ పొయ్యి మీదనే ఉన్నది కాక. పట్కారు గిన్నెకే ఉన్నది. ఆకుపచ్చ చీర అంచు నేలకు తాకుతున్నది. గోడకు అవ్వ తల ఆనిచ్చిన నూనె మచ్చ అట్లనే ఉన్నది. ఏడుపు గొంతులోకి వస్తోంది, దాన్ని చెబితే ఆయనకేమీ కనబడదు. అందుకని మింగి, ఉన్నదే చెప్పాను.

“అద్దాలు?” అన్నాడు.

“మొలకే ఉన్నయి కాక. ఒక దండి కిందికి ఉన్నది.”

చాలాసేపటికి ఇంకో మాట వచ్చింది. “బియ్యం డబ్బ మీద... ఏమున్నది?”

అది నేను ఎప్పుడూ చూడలేదు. వంటింట్లోకి పరుగెత్తాను. డబ్బా మూల చీకట్లో ఉంది, ఫోను వెలుతురు వేసి చూసి మళ్లీ పరుగెత్తి వచ్చాను. రమేశ్ గొడుగు పక్కన పడి ఉంది. అతను తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుని నా వైపు చూసి, “ఇగ చాలక్కా” అన్నాడు.

చువ్వలు పట్టుకుని కిందికి వంగాను. కాక మొహం మీద వాన పడుతోంది, కళ్లు కిటికీ వైపే ఉన్నాయి. “సోల ఉన్నది కాక” అన్నాను. “బోర్లేసి ఉన్నది. దాని కింద ఇంకా కొన్ని బియ్యం గింజలున్నయి.”

కాక మంచి నక్షత్రంలో పోయాడని అయ్యగారు చెప్పారు. ఎవరూ ఏ ఇల్లూ విడిచిపెట్టే పని లేకపోయింది. ఆషాఢంలో మంజులకు ఆడపిల్ల పుట్టింది. శ్రావణంలో కంప తీసి, ఇల్లు కడిగి, సున్నం వేసి వాళ్లంతా లోపలికి వెళ్లారు. తాళం చెవి ఇవ్వడానికి వెళ్లినప్పుడు నూనె మచ్చ ఉన్న గోడ తెల్లగా ఉంది. రమేశ్ ఆ ఎత్తు బల్ల తీసుకుపొమ్మన్నాడు. నా కిరాయి ఇంట్లో పట్టదని వద్దన్నాను.

అమ్మ గురించిన పుస్తకం ఆ వానాకాలమే, ఇదే వంటింటి గట్టు మీద, కుక్కరు కూతల మధ్య పూర్తి చేశాను. అప్పటి నుంచి మంచి కుర్చీ కోసం, లోయ కోసం వెతకలేదు. ఎక్కడ కూర్చున్నా నా ఎదుట ఆ కిటికీయే ఉంటుంది. తన ఇంట్లోకి తాను రాలేని మనిషి ఒకడు దాని కింద పడుకుని ఉంటాడు, ఆయనకు కనబడేలా చెప్పడం ఒక్కటే నా పని. చేయి అలిసిపోయి, ఇల్లంతా దిగులుగా ఉంది అని రాసేస్తే ఏ గూట్లో అని అడుగుతాడు. అప్పుడు లేచి వెళ్లి, చూసి వచ్చి, రాస్తాను.